పన్నెండో నంబరు ఇంటి కానుగ పుస్తకం

1వ రోజు

వేడి 48 డిగ్రీలు. కొమ్మ హద్దు దాటిన పొడవు రెండు మీటర్ల నాలుగు సెంటీమీటర్లు. పక్కింటి పలకల మీద నీడ రెండు గంటల పది నిమిషాలు.

ఈ అంకెలు పొద్దున వచ్చిన తూనీగ ఇచ్చింది. అది ఎగిరే కొలత యంత్రం. అరచేతిలో పట్టేంత ఉంటుంది. ఆఫీసు వాళ్లు దానికేదో పొడుగు పేరు పెట్టారు కానీ మా కొత్తమిట్ట కాలనీలో అందరం తూనీగ అనే అంటాం.

నిన్న చెట్ల తగవుల ఆఫీసులో నాకూ, పక్కింటి రుత్విక్ అన్నకూ చెరొక పుస్తకం ఇచ్చారు. విచారణ దాకా నలభై అయిదు రోజులు రాయాలి. ముందు అంకెలు, తర్వాత ఇతర విషయాలు. ఏదీ దాచకూడదని గుమాస్తా చెప్పాడు. నిబంధనల కాగితం ఆరు పేజీలుంది. అందులో రెండు లైన్ల కింద అతను ఎర్ర గీత గీసి ఇచ్చాడు. కొమ్మను ఎవరూ ముట్టుకోకూడదు. ఒకరి హద్దులో ఒకరు అడుగు పెట్టకూడదు. మొదట దాటిన వాళ్లు ఓడిపోయినట్టు. నేను ఆ రెండు లైన్లే చదివాను.

నా పేరు హన్విత. వయసు యాభై ఎనిమిది. వట్టివేళ్ల తడకలు అల్లుతాను. ఇంట్లో ఒక్కదాన్నే.

2వ రోజు

వేడి 48. కొమ్మ నిన్నటంతే. నీడ నిన్నటంతే.

తెల్లారగానే స్నానం చేసిన నీళ్లు చెట్టుకు పోశాను. తడకలు తడిపి కిటికీలకు కట్టాను. పదిన్నరకు సైరన్ కూత పడింది. తలుపు వేసుకున్నాను. నాలుగు గంటల కూత దాకా ఎవరూ బయట తిరగకూడదు, తిరగలేరు కూడా.

మా కాలనీలో ఒక ఇంటికి చెట్టు ఇస్తే పక్క ఇంటికి సోలార్ పలకలు ఇచ్చారు. రెండూ ఒకే ఇంటికి ఇవ్వరు. చెట్టున్న వాళ్లకు కప్పు మీద నీడ, పలకలున్న వాళ్లకు ఏసీ. నాది పన్నెండో నంబరు, కానుగ చెట్టు. పదమూడు వాళ్లది, పలకలు. కాగితం మీద ఇది బాగానే ఉండి ఉంటుంది. చెట్టు కాగితం మీద పెరగదు. మా వీధిలో పదిహేడు ఇళ్లు, తొమ్మిది కేసులు.

5వ రోజు

వేడి 49. కొమ్మ రెండు మీటర్ల తొమ్మిది. నీడ రెండున్నర గంటలు.

కానుగ పూత మీద ఉంది. లేత ఊదా పూలు వాళ్ల పలకల మీద రాలుతున్నాయి. రుత్విక్ అన్న పొద్దున్నే చీపురుకు కర్ర కట్టి కప్పు మీద ఊడుస్తున్నాడు. నన్ను చూసి తల ఊపాడు. నేనూ ఊపాను. మాట్లాడకూడదని ఎక్కడా లేదు. అయినా మాట్లాడుకోలేదు.

కేసు ఎందుకొచ్చిందో రాయాలి. రెండేళ్ల కిందట ఆయన వచ్చి, ఆ తూర్పు కొమ్మ ఒక్కటి కొట్టించమ్మా అని అడిగాడు. పూత రాలనీ అన్నాను. తర్వాతి ఏడు మళ్లీ అడిగాడు. ఎండల్లో కొమ్మ నరికితే చెట్టే ఎండిపోతుందని భయపడ్డాను, వానలు రానీ అన్నాను. వానలు సరిగా రాలేదు. ఆ లోపల ఆఫీసు వాళ్లు చెట్లన్నిటికీ రేకు బిళ్లలు కొట్టి నంబర్లు వేశారు. ఇక కొట్టాలన్నా నా చేతుల్లో లేదు. అర్జీ పెట్టాను, జవాబు రాలేదు. మొన్న ఫాల్గుణంలో రుత్విక్ అన్న మా గుమ్మం ముందు నిలబడి, కళ్లు కిందికి వేసుకుని చెప్పాడు:

"కేసు పెట్టకపోతే రంపం రాదంట అమ్మా. నీ మీద కోపంతో కాదు. పెడ్తాండా."

పెట్టుకో అన్నా, అన్నాను.

9వ రోజు

వేడి 49. కొమ్మ రెండు మీటర్ల ఇరవై. నీడ మూడు గంటల పది నిమిషాలు.

కొత్త చిగురు వస్తోంది. ఎండ ఎంత పెరిగితే అంత చిగురు వేస్తుంది ఈ చెట్టు.

ఆ చిగుళ్లు తుంచేస్తే ఎవరికి తెలుస్తుంది అని ఒకసారి అనిపించింది. తూనీగకు తెలుస్తుంది. నిన్నటి కొమ్మనూ ఇవాళ్టి కొమ్మనూ అది ఆకు ఆకు పోల్చుకుంటుంది. నాలుగో నంబరు ఇంటాయన బొటనవేలంత రెమ్మ విరిచాడని చెట్టు మొత్తం తీసేశారు. ఆయన కుటుంబం ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. ఇంటికి తాళం ఉంది.

తడకలు ఆరు అల్లాను.

14వ రోజు

వేడి 50. కొమ్మ రెండు మీటర్ల ముప్పై ఒకటి. నీడ మూడున్నర గంటలు.

పొద్దున గోడ దగ్గర నీళ్లు పోస్తుంటే లాస్య వదిన కిటికీలోంచి పలకరించింది. రుత్విక్ అన్న భార్య. రెండు వేసవుల కిందట నీళ్ల వరుసలో నిలబడి ఎండదెబ్బ తగిలి పడిపోయింది. అప్పటి నుంచి ఆమెకు చెమట పట్టదు. గది ముప్పై డిగ్రీలు దాటితే ఒళ్లు కాలిపోతుంది. పలకల మీద నీడ పడ్డప్పుడల్లా ఏసీ ఆగుతుంది. బ్యాటరీ పాతది, గంట కూడా లాగదు. ఈ కేసంతా ఆ గంటల కోసమే.

ఆమె మంచం కిటికీ పక్కనే. అక్కడి నుంచి నడుమెత్తు గోడ, గోడ మీదుగా వాళ్ల కప్పు వైపు పోయిన కొమ్మ, అంతా కనిపిస్తాయి. పూలు గాలికి లోపలికి వచ్చి మంచం మీద పడుతున్నాయని చెప్పింది.

"ఈ కొమ్మ కొట్టొద్దని ఆయనకు చెప్పు వదినా. నేను చెప్తే వినడు. రోజంతా నాకు కనిపించేది ఇదొక్కటే."

నీ కోసమే కదా వదినా కొట్టమంటున్నాడు అన్నాను. ఆమె నవ్వింది. నా కోసమైతే నన్ను అడగాల కదా అంది.

18వ రోజు

వేడి 51. కొమ్మ రెండు మీటర్ల నలభై. నీడ మూడు గంటల యాభై.

విచారణ ముందుకు జరపమని రుత్విక్ అన్న అర్జీ పెట్టాడు. నలభై అయిదు రోజులు నిండాలని జవాబు వచ్చింది. నేను కూడా ఆఫీసుకు వెళ్లి, కొమ్మ కొట్టేయడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు, రాసిస్తాను అన్నాను. గుమాస్తా చాలాసేపు తెర మీద వెతికాడు.

"అవతలి పక్షం అడిగేదాన్ని మీరు సమర్థించేదానికి ఫారం లేదమ్మా," అన్నాడు. "రాజీ కావాలంటే కేసు కొట్టేసి మళ్లీ మొదటి నుంచి రావాల. అదొక ఆర్నెల్లు."

తిరిగొచ్చాను. దారిలో చెప్పు అడుగు కరిగి రోడ్డుకు అంటుకుంది. ఒక చెప్పుతోనే నడిచాను. పాదం బొబ్బలెక్కింది. రాయాలి కాబట్టి రాస్తున్నాను, పెద్ద నొప్పి లేదు.

22వ రోజు

వేడి 51. కొమ్మ రెండు మీటర్ల నలభై తొమ్మిది. నీడ నాలుగు గంటల పైన.

మధ్యాహ్నం ఒకటీ ఇరవైకే వాళ్ల ఏసీ చప్పుడు ఆగిపోయింది. నాకిక్కడికి వినిపిస్తుంది. ఆగినప్పుడే బాగా వినిపిస్తుంది. ఆ తర్వాత బకెట్ చప్పుడు, తడిగుడ్డ పిండిన చప్పుడు. నాలుగు దాకా అదే.

కౌశిక్ పోయి ఈ రోజుకు నాలుగేళ్లు. నా భర్త. రోడ్డు పనిలో ఉండగా పోయాడు. ఆ రోజు కూడా సాయంత్రం కూర్చుని రెండు తడకలు అల్లాను. ఇవాళ ఐదు అల్లాను.

26వ రోజు

వేడి 52. కొమ్మ రెండు మీటర్ల యాభై నాలుగు. నీడ నాలుగున్నర గంటలు.

ఇతర విషయాలు: ఏమీ లేవు.

27వ రోజు

వేడి 52. కొమ్మ నిన్నటంతే. నీడ నిన్నటంతే.

ఇతర విషయాలు: ఏమీ లేవు.

33వ రోజు

వేడి 50. కొమ్మ రెండు మీటర్ల యాభై ఎనిమిది. నీడ నాలుగున్నర.

లాస్య వదిన ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. గోడ ఇవతలి నుంచి చూశాను. నడుస్తోంది. నన్ను గుర్తుపట్టింది. ఎప్పుడొచ్చినావు వదినా అని అడిగితే, యాడికి పోయినాను అంది.

డాక్టర్లు చెప్పిందేమిటంటే, ఆసుపత్రికి చేరేదాకా జరిగిన పాతవన్నీ ఉంటాయి, కొత్తవి మటుకు పొద్దు గడిస్తే నిలవవు. రుత్విక్ అన్న చెప్పాడు.

45వ రోజు

వేడి 49. కొమ్మ రెండు మీటర్ల డెబ్బై. నీడ నాలుగు గంటల నలభై.

పుస్తకం ఇవాళ ఇచ్చేయాలి. చెట్టుకు నీళ్లు పోసి బయలుదేరుతున్నాను.

49వ రోజు

పుస్తకం ముద్ర వేసి తిరిగి ఇచ్చేశారు. ఇక రాయాల్సిన పని లేదు. కాగితాలు మిగిలాయి, రాస్తున్నాను.

విచారణ ఇరవై నిమిషాలు జరిగింది. గదిలో అధికారిణి, గుమాస్తా, మేమిద్దరం. తీర్పును యంత్రం అచ్చు వేస్తుంది, ఆవిడ చదువుతుంది. ముందు రెండు పుస్తకాలూ పక్కపక్కన తెర మీద పెట్టారు. అంకెలు కలిశాయి. ఇరవై ఆరో రోజు దగ్గర తెర ఎర్రబడింది.

నా పుస్తకంలో ఏమీ లేవు అని ఉంది. రుత్విక్ అన్న పుస్తకంలో పేజీన్నర ఉంది. గుమాస్తా దాన్ని పైకి చదివాడు. నా భార్యకు స్పృహ తప్పుతూ వచ్చింది, అంబులెన్సు నాలుగు దాకా కదలదన్నారు, హన్వితమ్మను పిలిస్తే గోడ దాటి వచ్చింది, తన చెట్టు కిందికి మోయించింది, తాగే నీళ్లన్నీ పోసింది, ఆమె రాకపోతే నా లాస్య బతికేది కాదు, ఈ మాట అధికారులు దయతో గమనించాల. అదంతా ఆయన గుండ్రటి అక్షరాలతో నీటుగా రాశాడు. చివర నమస్కారములు అని కూడా రాశాడు.

అధికారిణి నిబంధనల కాగితం నాలుగో పేజీ తెరిచి చదివింది. ప్రాణాపాయంలో అవతలి వాళ్లు పిలిస్తే హద్దు దాటవచ్చు, అది తప్పు కాదు. అయితే పిలిచిన మాట, వెళ్లిన మాట రెండు పుస్తకాల్లోనూ ఉండాలి. ఒకదాంట్లోనే ఉంటే చెల్లదు.

"నేనే కదమ్మా పిలిచింది," అన్నాడు రుత్విక్ అన్న. "నా నోటితో చెప్తాండా. కేసు పెట్టింది నేనే. నేనే వద్దంటాండా."

"పిలిచినట్టు ఆమె పుస్తకంలో లేదండీ," అంది అధికారిణి. చెడ్డ మనిషేం కాదు. రెండుసార్లు వెనక్కి తిప్పి చూసింది, ఎక్కడైనా ఒక్క ముక్క ఉంటుందేమోనని. "ఏమ్మా, ఎందుకు రాయలేదు?"

చెట్టు పోతుందని రాయలేదు అన్నాను. గుమాస్తా ఆ మాట కూడా ఎక్కించాడు.

తీర్పు అచ్చయింది. ప్రతివాది మొదట హద్దు దాటింది, దాచింది. కొమ్మ కాదు, చెట్టు నంబరే రద్దు. వారంలో తొలగింపు.

బయటికొచ్చాక రుత్విక్ అన్న మెట్ల మీద కూర్చుండిపోయాడు. చేసిన మేలు రాస్తే నీకు మేలు జరుగుతాదనుకున్నా అమ్మా అన్నాడు. నువ్వు రాయవని నేననుకున్నాను అన్నా, అన్నాను. పదిన్నర కూత పడేలోపు ఇల్లు చేరాలి కాబట్టి ఇద్దరం లేచి నడిచాం. పక్కపక్కనే నడిచాం. ఇప్పుడు కేసు లేదు.

ఇరవై ఆరో రోజు ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మధ్యాహ్నం పన్నెండూ నలభైకి ఏసీ ఆగింది. ఒంటిగంటన్నరకు రుత్విక్ అన్న పిలిచాడు. ముందు అమ్మా అని, తర్వాత హన్వితా అని. నా పేరు ఆయన అట్లా ఎప్పుడూ పిలవలేదు. నేను తలుపు తీసుకుని గోడ దగ్గరికి వచ్చాను. ఎండలో తూనీగలు కూడా ఎగరవు. ఎవరూ చూడరు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా నాలుగో నంబరు ఇంటి తాళం కళ్ల ముందు కనిపించింది. ఈ కప్పు మీద నీడ లేకపోతే నేనెక్కడ బతుకుతాను అనుకున్నాను. ఆయన ఇంకో రెండుసార్లు పిలిచాడు. గోడ మీద చెయ్యి పెడితే కాలింది, తీసేశాను.

తర్వాత గోడ దాటాను. ఇద్దరం కలిసి ఆమెను మంచంతో సహా మోసి నా చెట్టు మొదలు దగ్గర దించాం. అక్కడ నేల తడిగా ఉంటుంది. నా మూడు రోజుల తాగునీళ్లు ఆమె మీద, మంచం మీద పోశాం. తడకలు తడిపి చుట్టూ నిలబెట్టాం. మూడున్నరకు కళ్లు తెరిచింది. నాలుగు దాటాక అంబులెన్సు వచ్చింది.

గోడ దగ్గరికి వచ్చినప్పుడు లోపల గడియారం ఒకటీ ముప్పై రెండు. గోడ దాటేముందు వెనక్కి చూస్తే ఒకటీ నలభై మూడు. పదకొండు నిమిషాలు. డాక్టరు రుత్విక్ అన్నతో, ఇంకో పది నిమిషాలు ముందు చల్లబరిచి ఉంటే జ్ఞాపకం కూడా దక్కేది అన్నాడట. ఆయన నాకు ఆ మాట చెప్పినప్పుడు నేను అవునా అన్నాను.

ఆయన పుస్తకంలో ఆ పదకొండు నిమిషాలు లేవు. కిటికీకి వీపు పెట్టి ఆమెకు విసురుతూనే పిలిచాడు, నేను వచ్చిందే చూశాడు, నిలబడింది చూడలేదు.

52వ రోజు

పొద్దున ఆరింటికి నలుగురు మనుషులు, ఒక బండి, రెండు రంపాలు. తొమ్మిదిన్నరకు అయిపోయింది. మొదలు కూడా పెకలించి మట్టి పూడ్చారు. రేకు బిళ్ల ఊడదీసి నా చేత సంతకం పెట్టించుకుని తీసుకెళ్లారు. వాళ్లలో ఒకాయన తాగడానికి నీళ్లడిగాడు. ఇచ్చాను.

వాళ్లు వెళ్లాక ఆకులు ఊడ్చాను. ఆకులు చాలా ఉన్నాయి.

పన్నెండింటికి ఇంట్లో వేడి 43.

పలకల కోసం పేరు రాయించాను. రెండేళ్లు పడుతుందట.

53వ రోజు

ఇంట్లో 44. నేల మీద తడిబట్ట పరుచుకుని పడుకున్నాను. ఒంటిగంటకు గోడ మీద నుంచి రుత్విక్ అన్న పిలిచాడు. నేను లేవకపోతే దాటి లోపలికే వచ్చాడు. చాప నువ్వే తెచ్చుకో, మా ఇంట్లో ఇంకోటి లేదు అన్నాడు. చాప తీసుకుని వెళ్లాను.

వాళ్ల గది 27 డిగ్రీలుంది. చాలాసేపు ఒళ్లు వణికింది.

లాస్య వదిన కిటికీలోంచి చూస్తూ, వదినా, కొమ్మ యాడికి పోయింది అని అడిగింది. రుత్విక్ అన్న లేచి వంటింట్లోకి వెళ్లిపోయాడు. తెగులు పట్టింది వదినా, కొట్టేశారు అన్నాను. అయ్యో అంది.

58వ రోజు

రోజూ పదిన్నరకు వెళ్తున్నాను. తడకలు అక్కడే అల్లుతున్నాను. రోజూ అడుగుతుంది. రోజూ ఆయన వంటింట్లోకి వెళ్తాడు. రోజూ తెగులు అంటాను. రోజూ అయ్యో అంటుంది, కొత్తగా. మొదటి రోజు ఎంత బాధపడిందో అంతే బాధపడుతుంది. నాకది చూడ్డం అలవాటైంది.

61వ రోజు

ఇవాళ అడిగినప్పుడు రుత్విక్ అన్న లేవలేదు. కూరగాయలు తరుగుతున్నాడు. కత్తిపీట పక్కకు జరిపి, తల ఎత్తకుండా చెప్పాడు.

"తెగులు లేదు ఏమీ లేదు. నేను పుస్తకంలో రాసినందుకు కొట్టేసినారు."

"నేను రాయనందుకు," అన్నాను.

లాస్య వదిన ఆయన్ను చూసింది, నన్ను చూసింది. ఆయన మొదటి నుంచి చెప్పాడు. కేసు, పుస్తకాలు, ఆమెకు స్పృహ పోయిన రోజు, తీర్పు. రేపటికి ఆమెకు ఇవేవీ ఉండవని ఇద్దరికీ తెలుసు. అయినా ఆయన ఒక్కటీ వదలకుండా చెప్పాడు. ఆమె చివరిదాకా విన్నది.

"పడిపోయింది నేను కదా," అంది. "నన్నెవరూ అడగలేదే."

నిజమే, ఎవరూ అడగలేదు. పుస్తకాలు రెండే ఇచ్చారు. నేను తడక పక్కన పెట్టి, ఇప్పుడు చెప్పు వదినా, ఆ రోజు నీకేం గుర్తుంది అని అడిగాను.

ఆమె ఆలోచించుకుంది. తొందరపడలేదు.

"ఒళ్లంతా మంటగా ఉన్నింది. ఈయన నిన్ను పిలుస్తాండె. నువ్వు గోడ అవతల నిలబడుకోని ఉంటివి. కిటికీలోంచి కనపడ్తాంటివి. ఇంకా రాదేమి అనుకుంటి. శానా సేపు అనుకుంటి. మళ్ల కళ్లు మూతపడె. మళ్ల చల్లగా ఉన్నింది. పైన ఆకులు. కాళ్ల మీద ఎవరో నీళ్లు పోస్తాండ్రి. అంతే."

రుత్విక్ అన్న చేతిలో సగం తరిగిన బీరకాయ అలాగే ఉంది. నా వైపు చూశాడు. నేను తల తిప్పుకోలేదు. అవునన్నా, నిలబడ్డాను, పదకొండు నిమిషాలు అన్నాను.

ఆయన బీరకాయ కత్తిపీట పక్కన పెట్టాడు. తర్వాత లేచి కుండలోంచి నీళ్లు ముంచాడు. ముందు ఆమెకు ఇచ్చాడు. ఆమె తాగాక అదే చెంబు మళ్లీ నింపి నా ముందు పెట్టి, వెళ్లి మళ్లీ బీరకాయ ముందు కూర్చున్నాడు.

తాగాను.

లాస్య వదిన చెప్పిన మాటలు పైన రాశాను. ఒక్క మాట మార్చలేదు. రాసింది ఆమెకు చదివి వినిపించాను. సరిగ్గానే ఉండాదంది. కింద వేలిముద్ర వేస్తానంటే, సంతకమే పెట్టు వదినా, నీకు వచ్చు కదా అన్నాను. పెట్టింది.